చికిత్స అయ్యాక కూడా వ్యసనం ఎందుకు తిరగబెడుతుంది?

చికిత్స పూర్తయ్యాక కూడా కొందరు మళ్లీ మత్తు వైపు ఎందుకు వెళ్తారని అడిగారు. మనసు గట్టిగా లేకపోవడం వల్లేనని చాలామంది అనేస్తారు, అది అన్యాయం. ఒంట్లోంచి మత్తు పోయినా మెదడులో దాని జ్ఞాపకం అంత త్వరగా పోదు. పాత స్నేహితుడి ఫోన్, చేతికొచ్చిన జీతం, గ్లాసుల చప్పుడు చాలు, కోరిక ఒక్కసారిగా తన్నుకొస్తుంది. మొదటి కొన్ని నెలలు మరీ కష్టం. నిద్రలేమి, డిప్రెషన్, ఇంట్లో గొడవలు, ఒంటరితనం, మందులు మధ్యలో ఆపేయడం ముప్పును పెంచుతాయి. ‘ఒక్కసారికి ఏం కాదులే’ అన్న ధీమా కూడా అంతే.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇంకొకటి: హెరాయిన్ లాంటివి కొన్నాళ్లు మానేశాక శరీరం తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. అప్పుడు పాత మోతాదే తీసుకున్నా ఊపిరి ఆగిపోవచ్చు. ఒకసారి జారితే దాచకుండా వెంటనే డాక్టరుకు చెప్పండి.