ప్రభుత్వం ఖర్చు పెంచితే పేదరికం తగ్గుతుందా?

తగ్గొచ్చు, కానీ ఎంత ఖర్చుపెట్టారన్న దానికన్నా ఆ డబ్బు ఎవరి చేతికి, ఎప్పుడు చేరిందన్నదే ముఖ్యం. ఉపాధి హామీనే తీసుకోండి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. అడిగిన గ్రామీణ కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని హక్కుగా ఇస్తూ వచ్చింది. చెరువు పూడిక తీసిన కూలి నెలల తరబడి రాకపోతే వడ్డీకి అప్పు తప్పదు. మస్టర్‌లో, అంటే పని హాజరు పట్టీలో, దొంగపేర్లుంటే ఆ డబ్బు పేదలకు దక్కదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వేలిముద్రల స్మార్ట్‌కార్డులు పెట్టాక చెల్లింపులు త్వరగా అందాయి, మధ్యలో కాజేసేది తగ్గింది. చాలామంది పట్టించుకోని లాభం ఇంకోటుంది: ఈ పని సరిగ్గా దొరికితే బయట కూలి రేట్లూ పెరుగుతాయి, "ఆ రేటుకి రాను" అనే ధైర్యం వస్తుంది కాబట్టి. అదే డబ్బు పెట్రోల్ సబ్సిడీకి పోస్తే ఎక్కువ భాగం బండ్లు, కార్లు ఉన్నవాళ్లకే పోతుంది.