మాముల్ చేసే ముందు

అమ్మడూ,

ఈసారి ఈద్‌కి మాముల్ చేస్తానని రాశావు. సిరియా, లెబనాన్, పాలస్తీనా, జోర్డాన్ వాళ్ళు రంజాన్ చివరి రోజుల్లో ఇంటిల్లిపాదీ కూర్చుని చేసుకునే, పూర్ణం పెట్టిన రవ్వ బిస్కెట్ లాంటి పిండివంట ఇది. పండగనాడు పొద్దున్నే మొదలుపెడితే కుదరదు. పిండి ముందురోజు రాత్రే కలిపెయ్యాలి. ఈ వంటలో ముప్పాతిక వంతు పని ఆ కలపడమే.

నలభై దాకా కావాలంటే సన్న బొంబాయి రవ్వ 500 గ్రాములు, మైదా 100, పంచదార పొడి 60, కరిగించిన నెయ్యి 275 గ్రాములు తీసుకో. రవ్వ వేయించకు, ఇది ఉప్మా కాదు. వెన్న కూడా వద్దు, అందులో నీళ్ళుంటాయి. గోరువెచ్చటి నెయ్యి పోసి, రెండు అరచేతుల మధ్య రవ్వని పది నిమిషాలు రుద్దు. గింజ గింజకీ నెయ్యి పట్టి, తడి ఇసుకలా అవ్వాలి. మూతపెట్టి రాత్రంతా వదిలెయ్. ఈ నానుడు తగ్గితే తినేటప్పుడు రవ్వ పళ్ళ కింద కరకరలాడుతుంది.

మర్నాడు చెంచా మహ్లబ్ పొడి వెయ్యి. అది ఒకరకం చెర్రీ గింజలోని పప్పు. ఎక్కువైతే చేదు. మస్తకి, అంటే ఒక చెట్టు నుంచి కారే సువాసన బంక, మూడు పలుకులు చాలు, కాస్త పంచదార చేర్చి నూరు. వట్టిగా నూరితే రోలుకి బంకలా అంటుకుపోతుంది. పావు చెంచా ఈస్టుని 60 మిల్లీలీటర్ల గోరువెచ్చటి పాలలో కలిపి, మూడు పెద్ద చెంచాల నారింజపూల నీరు, రెండు చెంచాల పన్నీరు (గులాబీ నీరు) చేర్చు. ఈ తడిని కొంచెం కొంచెంగా చల్లుతూ వేళ్ళతో దగ్గరకు తీసుకో, అంతే. చపాతీ పిండిలా మర్దించావంటే మైదా సాగి మాముల్ రాయి అవుతుంది. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, అంచులు పగలకూడదు. పగిలితే ఇంకో చెంచా పాలు చల్లి, అరగంట ఆగు.

పూర్ణం రెండు రకాలు చెయ్యి. గింజ తీసిన మెత్తటి ఖర్జూరం 400 గ్రాములు, చెంచాడు నెయ్యి, కాస్త దాల్చినచెక్క పొడి వేసి మెత్తగా పిసుకు. రెండోదానికి అక్రోటు పప్పు 200 గ్రాములు బరకగా దంచి, పంచదార 50, చెంచా దాల్చినచెక్క పొడి, నారింజపూల నీరు ఒక చెంచా కలుపు. పంచదార ఇంకా పెంచకు. ఓవెన్లో కరిగి, చిల్లు చేసుకుని బయటికొస్తుంది.

25 గ్రాముల ముద్దని అరచేతిలో గిన్నెలా ఒత్తి, 15 గ్రాముల పూర్ణం పెట్టి, బొబ్బట్టుకి మూసినట్టే మూసెయ్. మూసిన వైపు పైకి ఉండేలా చెక్క అచ్చులో నొక్కు. తీసేటప్పుడు అచ్చు కొసని బల్ల అంచుకి టప్పున కొట్టి, కింద చెయ్యి పట్టు. ఖర్జూరానికి చదునైన గుండ్రటి అచ్చు, అక్రోటుకి గోపురం అచ్చు, పిస్తా పెడితే కోల అచ్చు వాడతారు. కొరక్కుండానే లోపలేముందో తెలియడానికి! పిండి మెత్తబడి అచ్చుకి అంటుకుంటుంటే, పావుగంట ఫ్రిజ్‌లో పెట్టు. మైదా చల్లితే గీతలు పూడిపోతాయి.

ఓవెన్ ముందే 200 డిగ్రీలకి కాగాలి. చల్లటి ఓవెన్లో పెడితే నెయ్యి కరిగి కారి, అచ్చు గీతలు చెదిరిపోతాయి. 15 నుంచి 18 నిమిషాలు. అడుగు లేత బంగారు రంగుకి రాగానే తీసెయ్యి, పైన తెల్లగానే ఉండాలి. పైన ఎర్రబడేదాకా ఉంచడమే కొత్తవాళ్ళు చేసే పొరపాటు.

వేడిమీద ముట్టుకుంటే పొడిపొడి అయిపోతాయి. ట్రేలోనే పూర్తిగా చల్లారనివ్వు. పంచదార పొడి అప్పుడే జల్లు, అదీ అక్రోటు వాటిమీదే. ఖర్జూరానికి అక్కర్లేదు. గాలి చొరని డబ్బాలో రెండు వారాలు నిలవుంటాయి, రెండోరోజుకి ఇంకా గుల్లబారతాయి.

మీ ఓవెన్ గ్యాసుదా, కరెంటుదా రాయలేదు. గ్యాసుదైతే ట్రేని కింది అరలో పెట్టకు.

ఉంటాను,
పెద్దమ్మ