నికెల్ కాంప్లెక్స్ (నికెల్‌ని వేరే అణువులు పట్టుకుని ఉండే పదార్థం) ఎప్పుడూ పొడిగానే వస్తోంది, క్రిస్టల్ రావాలంటే ఏం చెయ్యాలి?

అణువు ఆకారం తేల్చే ఎక్స్‌రేకి పనికొచ్చే క్రిస్టల్ ఒక్కటీ రావడం లేదని అడిగారు కదా, ముందు ఇది చెప్పండి: మీ ల్యాబ్‌లో ఏసీ రాత్రిళ్లు నడుస్తుందా? నన్నడిగితే సగం జవాబు అక్కడే ఉంది.

నేను పీహెచ్‌డీ చేసింది చెన్నైలో. సాలిసిలాల్డిహైడ్, ఇథిలీన్‌డయమీన్ ఎథనాల్‌లో కలిపితే నిమిషాల్లో పసుపు రేకులు దిగుతాయి, అదే సాలెన్ లిగాండ్, అంటే లోహాన్ని పట్టుకునే అణువు. నాది దానికే చిన్న మార్పు. నికెల్ ఎసిటేట్ కలిపితే ఇటుకరంగు పొడి, భోజనాల వేళకల్లా పని అయిపోయేది. క్రిస్టల్‌కి మాత్రం పదకొండు నెలలు!

అందరిలాగే చిన్న సీసాలో డైక్లోరోమీథేన్‌లో కరిగించి, ఈథర్ పోసిన పెద్ద సీసాలో నిలబెట్టి మూత బిగించేవాణ్ణి. ఈథర్ ఆవిరి మెల్లగా లోపలికి చేరాలి, అందులో కాంప్లెక్స్ సరిగ్గా కరగదు కాబట్టి నెమ్మదిగా క్రిస్టల్‌గా దిగుతుంది. కానీ అది మరిగేదే 35 డిగ్రీల దగ్గర, బయట చూస్తే మే నెల చెన్నై, పైగా కరెంటు బిల్లు పేరు చెప్పి శని, ఆదివారాలు ఏసీ ఆపేసేవాళ్లు. సోమవారానికి ఈథర్ ఎగిరిపోయి, చిన్న సీసా గోడలకి ఎర్రటి పెచ్చు.

సంక్రాంతికి నెల్లూరు వెళ్తూ ఒక సీసా అల్మారాలో మరిచిపోయా. పది రోజులకి వచ్చి చూస్తే అడుగున కందిబద్దలో పావు వంతు పలకలు, ఎర్రగా, అంచులు కోసినట్టు. సంబరం పట్టలేక ఫిల్టర్ పేపర్ మీద పోసి సార్‌ని పిలిచా. ఆయన వచ్చేలోపు ఒక్కొక్కటీ మినప్పప్పులా తెల్లబారిపోయింది. లోపల సందుల్లో ఉన్న డైక్లోరోమీథేన్ గాలి తగలగానే లేచిపోయిందన్నమాట. అదృష్టం, సీసాలో ఇంకో రెండు మిగిలాయి. వాటిని ఆ ద్రావణంతోనే తీసుకెళ్లి, నూనె చుక్కలో ముంచి 100 కెల్విన్‌లో (సుమారు మైనస్ 173 డిగ్రీలు) ఎక్స్‌రే డేటా తీయించా.

తేలిందేంటి? నికెల్ చుట్టూ రెండు నైట్రోజన్లు, రెండు ఆక్సిజన్లు, అన్నీ ఒకే తలంలో. ఎన్ఎంఆర్ (అణువుని అయస్కాంత క్షేత్రంలో పెట్టి చూసే పరీక్ష) గీతలు సన్నగా వచ్చినప్పుడే ఆ సంగతి తెలుసు, ఇలాంటి నికెల్ ఒకే తలంలో ఉంటేనే అలా వస్తాయి! అయినా క్రిస్టల్ లేకపోతే పరిశోధన పేపర్ కదలదు, అదో పీడ. రసాయన శాస్త్రవేత్త వెర్నర్ అయితే ఎక్స్‌రే లేకుండానే కోబాల్ట్ కాంప్లెక్సుల ఐసోమర్లు (అవే పరమాణువులు వేరే అమరికలో ఉన్న రూపాలు) లెక్కపెట్టి ఆకారం చెప్పాడు, 1913లో నోబెల్ కూడా ఇచ్చారు.

మీరు ఈథర్ మానేయండి. సన్నటి గొట్టంలో డైక్లోరోమీథేన్ ద్రావణం పోసి, పైన హెక్సేన్ గోడ వెంట జారవిడవండి, అది మరిగేది 69 డిగ్రీల దగ్గర, ఈథర్‌లా ఎగిరిపోదు. రెండు వారాలు దాన్ని ఎత్తి చూడొద్దు, మీ జూనియర్‌ని కూడా చూడనివ్వొద్దు.