కుక్కకు సార్కోమా గడ్డ తీసేశాక కీమో తప్పదా?

విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి అడుగుతున్నారు: లాబ్రడార్ తొడ మీది గడ్డ తీశారు, రిపోర్టులో సార్కోమా (కండ, కొవ్వు లాంటి మెత్తటి కణజాలంలో పుట్టే క్యాన్సర్) అని వచ్చింది, ఇక కీమో తప్పదా అని.

తప్పనిసరేమీ కాదు. బయాప్సీ రిపోర్టులో ముందు గ్రేడు (క్యాన్సర్ ఎంత ఉధృతమో చెప్పే 1 నుంచి 3 దాకా అంకె), తీసిన ముక్క అంచులు చూడండి. అంచుల్లో క్యాన్సర్ కణాలు లేకుండా గ్రేడు 1 లేదా 2 అయితే చాలా కుక్కలకు ఆపరేషనే చికిత్స. కణాలు మిగిలితే కుట్ల మచ్చను చుట్టూ 2–3 సెంటీమీటర్ల మేర, కింది పొరతో సహా మళ్లీ కోసి తీస్తారు. లేదా రేడియేషన్ ఇస్తారు. జంతువులకు రేడియేషన్ మన దేశంలో అరుదు కాబట్టి నేనైతే రెండో ఆపరేషన్ వైపే మొగ్గుతాను.

కీమో మాట వచ్చేది ప్రధానంగా గ్రేడు 3లో. అది రక్తం ద్వారా ఊపిరితిత్తులకు పాకే అవకాశం ఎక్కువ. అందుకే ఛాతీ ఎక్స్‌రే, డాక్సోరుబిసిన్ అనే కీమో మందు. దానివల్ల ఆయుష్షు ఎంత పెరుగుతుందన్న దానిపై మాత్రం వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు.

పిల్లుల సంగతి వేరు. ఇంజెక్షన్ చేసిన చోట పుట్టే సార్కోమా మహా మొండిది. చుట్టూ 5 సెంటీమీటర్లు తీసినా తిరిగి రావచ్చు.

మొదటి ఏడాది మూడు నెలలకోసారి డాక్టరుకు చూపించండి. ఈలోగా, బీచ్ రోడ్డు నుంచి వచ్చాక కాళ్ల ఇసుక దులిపేటప్పుడు ఆ మచ్చను వేళ్లతో తడమండి. శనగగింజంత గట్టిగా తగిలినా మూడు నెలల దాకా ఆగకండి.