ఎర్ర ఎక్స్ పడని ఫెయిల్యూర్

చిన్నీ,

నువ్వు ఒక్కదానివే విమానం నడుపుకుంటూ 300 నాటికల్ మైళ్ల సోలో క్రాస్ కంట్రీకి వెళ్తున్నావని నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. "నువ్వైనా చెప్పరా దానికి" అని మొదలుపెట్టి, ఏం చెప్పాలో చెప్పకుండానే ఏడ్చేసింది. నేను మాత్రం మీ అత్తయ్యతో సేమ్యా పాయసం చేయించుకుని తిన్నాను. పడుకున్నాక నిద్ర పట్టలేదు.

నీది జీ1000 అనే కంప్యూటర్ తెరలున్న సెస్నా 172. ఏది పోయిందో చాలాసార్లు అదే ఎర్ర ఎక్స్ వేసి చూపిస్తుంది. స్పీడు, ఆల్టిట్యూడ్, వర్టికల్ స్పీడ్ కలిసి పోతే ఎయిర్ డేటా కంప్యూటర్. హొరైజన్, హెడింగ్ పోతే విమానం వంపు, దిశ చెప్పే ఏహెచ్ఆర్ఎస్. హెడింగ్ ఒక్కటే అయితే దిక్సూచి లాంటి మాగ్నెటోమీటర్. స్క్రీన్ నల్లబడితే ఆడియో ప్యానెల్ కిందున్న ఎర్ర బటన్ నొక్కు. లో వోల్ట్స్ వస్తే చెక్‌లిస్ట్ ప్రకారం ఆల్టర్నేటర్ ఒకసారి రీసెట్ చెయ్యి, నిలబడకపోతే అక్కర్లేనివి ఆపేసి దగ్గర్లో దిగిపో. ఇవన్నీ పరీక్షలో నాకంటే నువ్వే బాగా రాస్తావు.

నా భయమంతా ఎక్స్ పడని ఫెయిల్యూర్ గురించే.

నేను ఇన్‌స్ట్రక్టర్‌గా ఉన్న రోజులు. వానలు వెలిశాక మా విమానం మూడు రోజులు బయటే నిలబడింది, స్పీడు కొలవడానికి ఎదురుగాలిని పట్టే పిటో ట్యూబ్ అనే గొట్టానికి కవర్ లేకుండా. చూశాను కూడా. "ఏమవుతుందిలే" అనుకున్నాను. నాలుగో రోజు ఒక స్టూడెంట్‌తో బయల్దేరాను. రన్‌వే మీద స్పీడు కాస్త ఆలస్యంగా లేచింది. అయినా స్పీడ్ మీటర్ పనిచేస్తోందన్నట్టు అలవాటుగా "ఎయిర్‌స్పీడ్ అలైవ్" అనేశాను.

క్లైంబ్‌లో 75 ఉన్న స్పీడు 90 అయింది, 110 అయింది. పవర్ మార్చలేదు, ముక్కు దించలేదు. స్పీడెక్కువైందని ముక్కు ఎత్తాను. ఇంకా పెరిగింది. ఇంకా ఎత్తాను. ఎడమ రెక్కలోంచి, రెక్కకి గాలి పట్టు తప్పబోతోందని హెచ్చరించే స్టాల్ హార్న్ సన్నగా బూర ఊదినట్టు మొదలైంది. దానికి కరెంటూ అక్కర్లేదు, కంప్యూటరూ అక్కర్లేదు, రెక్క అంచు దగ్గరి గాలే దాన్ని మోగిస్తుంది. ఆ పాత బూర మాటే విని ముక్కు దించాను.

అంతటితో ఊరుకున్నానా? కంప్యూటర్‌కి పిచ్చెక్కిందని, ఫోన్ హ్యాంగయితే ఆఫ్ చేసి ఆన్ చేసినట్టు దాని కరెంటు బ్రేకర్లు లాగేశాను. స్క్రీన్ నిండా ఎర్ర ఎక్స్‌లు! బాగున్న హొరైజన్‌ని కూడా చేతులారా పోగొట్టుకున్నాను. అప్పుడు గానీ కిందున్న స్టాండ్‌బై స్పీడ్ మీటర్ వైపు చూడలేదు. అదీ 120 దాటి చూపిస్తోంది. అది పాతకాలపు ముల్లు మీటరు, కంప్యూటర్‌తో దానికి పనే లేదు. కానీ రెండింటికీ గాలి వచ్చేది ఒకే పిటో ట్యూబ్ నుంచి. రెండూ కలిసి ఒకే అబద్ధం చెప్తుంటే తప్పు గొట్టంలో ఉంది. ఒకదానికొకటి పొంతన లేకపోతే అప్పుడు స్క్రీన్‌ని అనుమానించు.

స్టూడెంట్ "సార్, మనం ఓకేనా?" అని మూడుసార్లు అడిగాడు. ఒక్కసారీ జవాబివ్వలేదు. ఆర్‌పీఎం, ముక్కు, బయటి హొరైజన్ చూసుకుంటూ దిగాం. ఇంజనీర్ గొట్టం విప్పి చిటికెన వేలి గోరంత మట్టి ముద్ద నా అరచేతిలో పెట్టాడు. విరిస్తే లోపల ముడుచుకున్న సాలీడు. కందిరీగ గూడు! గొట్టం మూసుకుపోయి గాలి లోపలే చిక్కుకుంటే, పైకెక్కే కొద్దీ మీటరు లేని స్పీడు చూపిస్తుంది.

1996లో డొమినికన్ రిపబ్లిక్‌లో బోయింగ్ 757 ఒకటి ఇలాగే కెప్టెన్ వైపు పిటో మూసుకుపోయి సముద్రంలో పడింది. 189 మంది పోయారు. అక్కడా అనుమానం ఇలాంటి పురుగు గూడు మీదే. అందుకే నేను కందిరీగని చూస్తే పామును చూసినట్టు లేస్తాను. నువ్వు నవ్వేదానివి చిన్నప్పుడు. ఇదీ సంగతి.

రన్‌వే మీద ముల్లు కదలడం కళ్లారా చూశాకే "అలైవ్" అను. ఆలస్యమైతే పవర్ తీసేసి ఆగిపో, వెనక ఎవరు తిట్టుకున్నా సరే. చెక్‌లిస్ట్ చెప్పకుండా బ్రేకర్ ముట్టుకున్నావో, చెవి మెలిపెడతాను. వెళ్లేలోపు ఇన్‌స్ట్రక్టర్‌ని బతిమాలి, స్పీడు కనపడకుండా కాగితం అంటించి రన్‌వే చుట్టూ రెండు సర్క్యూట్లు చెయ్యి. ఏ ఆర్‌పీఎంకి, ముక్కు ఎక్కడుంటే నీ విమానం ఎంత స్పీడిస్తుందో ఒంటికి పట్టాలి. నీకు పడుతుంది. ఆరేళ్లప్పుడే నా ఒళ్లో కూర్చుని ఇంజిన్ చప్పుడు మారిందని చెప్పినదానివి.

దారిలో ఎక్కడ విమానం ఆపినా పిటో కవర్ నువ్వే వెయ్యి, హెల్పర్‌కి చెప్పి వదిలెయ్యకు. బయల్దేరే ముందు తియ్యడం మర్చిపోకు, మళ్లీ అదో గొడవ. కవర్ వేశాకే అమ్మకి ఫోన్ చెయ్యి. తర్వాత నాకు.

మామయ్య