సిస్టోస్కోపీ బదులు మూత్రంలో జన్యు పరీక్ష చేయిస్తే సరిపోతుందా?

అరవై దాటిన మీ నాన్నగారికి నొప్పి లేకుండా ఒకసారి మూత్రంలో రక్తం పడిందని, స్కానింగులో ఏమీ కనబడలేదని, మూత్రమార్గం గుండా గొట్టం పంపి మూత్రాశయం లోపల చూసే సిస్టోస్కోపీకి ఆయన భయపడుతున్నారు కనుక మూత్రంతో చేసే జన్యు పరీక్షతో సరిపెట్టవచ్చునా అని అడిగారు. సరిపెట్టకూడదు. కంటికి రక్తం కనబడిన తరువాత, పైగా మీరు రాసినట్లు చుట్ట అలవాటున్న మనిషికి, ఆ పరీక్ష నెగటివ్ వచ్చినా లోపల చూడవలసిందే. మూత్రాశయం గోడ మీద చదునుగా పరచుకునే క్యాన్సర్ అల్ట్రాసౌండుకు సాధారణంగా దొరకదు.

మా నాన్నగారూ గుంటూరు పొగాకు వ్యాపారంలో ఉన్నవారే, చుట్ట తాగినవారే. విజయవాడలో మూత్రాశయంలోని క్యాన్సర్ గడ్డను గీకి తీసి, అది తిరిగి రాకుండా బీసీజీ అనే మందును మూత్రాశయంలోకి ఎక్కించిన తరువాత ఆయనను మూడు నెలలకోసారి పరీక్షించేవారు. ఒక దఫా మూత్రంలోని కణాలను మైక్రోస్కోపు కింద చూసే సైటాలజీలో ‘అనుమానాస్పద కణాలు’ అని వచ్చింది. సిస్టోస్కోపీలో మాత్రం కాస్త ఎరుపు తప్ప ఏమీ లేదు. బీసీజీ తరువాత అలాంటి ఎరుపు మామూలే కాబట్టి, వెంటనే బయాప్సీకి ముక్కలు తీయకుండా డాక్టరుగారు, మీరు అడిగినలాంటి మూత్ర జన్యు పరీక్షే అయిన ఫిష్ రాశారు. ఉదయం లేవగానే పట్టిన మూత్రాన్ని ల్యాబువారు తీసుకోలేదు. రాత్రంతా నిలవ ఉన్న మూత్రంలో కణాలు చెడిపోతాయని, నీళ్లు తాగించి, కాసేపు నడిపించి, తరువాతి మూత్రం పట్టించారు.

ఫిష్‌లో చూసేది క్రోమోజోముల లెక్క. మూత్రాశయం లోపొర నుంచి రాలిన కణాలలో 3, 7, 17 క్రోమోజోములు రెండేసి కాక ఎక్కువ ఉన్నాయా, 9వ దానిలోని 9పి21 అనే భాగం పోయిందా అన్నది మెరిసే రంగు చుక్కలను బట్టి లెక్కిస్తారు. అమెరికాలో దీనికి 2001లో చికిత్స తరువాతి పర్యవేక్షణకు, 2005లో మూత్రంలో రక్తం పడినవారి పరీక్షకు అనుమతి వచ్చింది. రెండో సందర్భంలోనూ అది ఇతర పరీక్షలకు తోడుగానే. టెర్ట్, ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 జన్యువులలో మార్పులు వెతికే కొత్త పరీక్షలూ ఉన్నాయి.

చిక్కంతా చిన్న, తక్కువ తీవ్రత గల గడ్డలతోనే. వాటి నుంచి కణాలు తక్కువ రాలుతాయి, రాలినవాటిలోనూ క్రోమోజోముల లెక్క తరచుగా మామూలుగానే ఉంటుంది. అందుకే ఫిష్ వాటిని ఎక్కువగా వదిలేస్తుంది. మా నాన్నగారి రిపోర్టు నెగటివ్ వచ్చినప్పుడు డాక్టరుగారు బయాప్సీ వాయిదా వేశారే గాని, తరువాతి సిస్టోస్కోపీ తేదీని వెనక్కి జరపలేదు. ఆ పరీక్షకు ఉండవలసిన విలువ అంతేనని నా అభిప్రాయం.

ఇక ఆయన భయం సంగతి. పరీక్ష వరకే అయితే మెత్తగా వంగే గొట్టంతో, మొద్దుబారించే జెల్లీ వేసి, చాలాచోట్ల మత్తు లేకుండానే కొద్ది నిమిషాలలో ముగిస్తారు. తరువాత ఒకటి రెండు రోజులు మంట ఉండవచ్చు. ఆస్పిరిన్ వంటి మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, కానీ రక్తం వాటివల్లే పడిందని సరిపెట్టుకోకండి. మళ్లీ రక్తం పడలేదు కదా అని వాయిదా కూడా వేయకండి. ఈ జబ్బులో రక్తం ఒకసారి కనబడి, వారాల తరబడి కనబడకపోవడం మామూలే.