గోండీలో సొంత రేడియో పెట్టుకోవచ్చా?

మీరు అడిగింది: ఆదివాసీ గోండుల భాష గోండీ, రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా అయిన ఎనిమిదో షెడ్యూల్లో లేదు కదా, మా గూడేల్లో ఆ భాషలో రేడియోకి అనుమతి ఇస్తారా అని.

ఇస్తారు. కమ్యూనిటీ రేడియో, అంటే ఒక ప్రాంతం వాళ్లు తమకోసం నడుపుకునే చిన్న రేడియో. దాని లైసెన్సుకి షెడ్యూల్‌తో పనిలేదు. ప్రభుత్వ విధానం ప్రకారం లాభాపేక్ష లేని సంస్థ, రిజిస్టరై మూడేళ్లు నిండి మీ ప్రాంతంలో పనిచేస్తుంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు. మనుషుల పేరు మీద ఇవ్వరు. కార్యక్రమాల్లో సగమైనా అక్కడే తయారవ్వాలి, వీలైనంతవరకు అక్కడి భాషలోనే ఉండాలి. వార్తలు మాత్రం సొంతంగా చెప్పకూడదు, ఆకాశవాణివే ఉన్నవి ఉన్నట్టుగానో మీ భాషలోకి మార్చో వేసుకోవాలి. ప్రసార శక్తి మామూలుగా 100 వాట్లే. మైదానంలో పది, పదిహేను కిలోమీటర్లు అందుతుంది, ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు గుట్టలు అడ్డొస్తే అంత దూరం రాదు. యాంటెనా స్తంభం ఎక్కడ పెట్టాలో ముందే తిరిగి చూసుకోండి.

నేను ఆ వైపు బడిలో చాలాకాలం పాఠాలు చెప్పాను. ఒకసారి పిల్లలతో కలిసి ఒక అవ్వ దగ్గర గోండుల పండగ ఆట దండారి పాటలు రికార్డు చేద్దామని వెళ్లాం. అప్పటిదాకా ఇప్పపువ్వు ఆరబోస్తూ గోండీలో గలగలా మాట్లాడిన మనిషి, ఫోను ముందు పెట్టగానే సర్దుకుని కూర్చుని, వచ్చీరాని తెలుగులో "నమస్కారం" అంది. రేడియో అంటే తెలుగు అని ఆమె మనసులో పడిపోయింది. ఆకాశవాణి ఆదిలాబాద్ గోండీ కార్యక్రమాలు వేస్తుంది, అది గొప్ప విషయమే. అయినా రోజులో ఆ కాసేపు అయిపోయాక పెట్టె మళ్లీ తెలుగే మాట్లాడుతుంది. మనవరాలు ఫోను దాచేశాకే అవ్వ పాట అందుకుంది. నాకిప్పటికీ ఆ క్షణం తలుచుకుంటే బాధేస్తుంది.

2011 లెక్కల్లో గోండీ మాట్లాడేవాళ్లు 29 లక్షల పైనే. అస్సాం వైపు బోడో మాట్లాడేవాళ్లు 15 లక్షల లోపు, వాళ్ల భాష షెడ్యూల్లో ఉంది. ఉండాల్సిందే. మరి గోండీ ఎందుకు లేదు? ఆ పోరాటం వేరుగా చేయాలి, అది తేలేదాకా రేడియోని ఆపక్కర్లేదు.

వీలైతే జహీరాబాద్ దగ్గర మాచనూరు వెళ్లి సంఘం రేడియో చూసి రండి. 2008 నుంచి దళిత మహిళలే నడుపుతున్నారు. వాళ్లది తెలుగే, కాకపోతే చేలో, ఇంట్లో మాట్లాడుకునే తెలుగు. లైసెన్సు వచ్చేలోపు మీరు ఊరికే కూర్చోకండి. పెద్దవాళ్ల గొంతులు ఇప్పుడే రికార్డు చేసి, సంతరోజున స్పీకరు పెట్టి వినిపించండి.